కూటమి బయట ఉన్న దేశానికి దెబ్బ ఎక్కడ తగులుతుంది? సుంకం దగ్గరా, రూల్స్ ఆఫ్ ఆరిజిన్ (సరుకు ఏ దేశానిదో తేల్చే నియమాలు) దగ్గరా, ప్రమాణాల దగ్గరా?

విభాగం: ఎగుమతులు–దిగుమతులు, హైదరాబాద్

అమీర్‌పేట అభ్యర్థి · ఉదయం 8:40

గ్రూప్-1 మెయిన్స్‌కు ఎకానమీ చదువుకునేవాళ్లకు పనికొస్తుందని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ప్రాంతీయ ఆర్థిక కూటములు బయటి దేశాలతో వ్యాపారాన్ని ఎలా మారుస్తాయో చూద్దామని ఏ గైడు తెరిచినా, 1950లో జేకబ్ వైనర్ చెప్పిన వాణిజ్య సృష్టి, వాణిజ్య మళ్లింపు అనే రెండు మాటలు రాసి వదిలేస్తున్నారు. నిర్వచనం కంఠస్థం అవుతుంది గానీ విషయం బోధపడదు.

నా ప్రశ్నలు మూడు. కూటమి బయటివాళ్ల మీద ఒక్క పైసా సుంకం పెంచకపోయినా వాళ్లకు నష్టం ఎలా వస్తుంది? ఆ నష్టం సుంకం వల్లేనా, వేరే కారణాలున్నాయా? బయట మిగిలిపోయిన దేశానికి గాట్ (డబ్ల్యూటీఓకు మూలమైన అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం) నిబంధనల్లో రక్షణ ఏమైనా ఉందా, ఉంటే ఎవరైనా వాడుకున్నారా? తెలిసినవారు అంకెలతో, ఉదాహరణలతో చెప్పగలరు.

లెక్కలపద్దు · ఉదయం 9:25

మొదటి ప్రశ్నకు జవాబు అంకెల్లోనే ఉంది. ఒక యంత్ర భాగం తీసుకుందాం. మామూలు సుంకం, అంటే ఎంఎఫ్‌ఎన్ రేటు, 10 శాతం అనుకోండి. ఆ సుంకం మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి కలిస్తే మొత్తం 11. ఐజీఎస్టీని పక్కన పెడుతున్నాను. ఒప్పందం ఉన్నా లేకున్నా అది కట్టాల్సిందే, వ్యాపారికి క్రెడిట్‌గా తిరిగొస్తుంది.

తైవాన్ సరుకు మన రేవుకు చేరే ధర 100, థాయ్‌లాండ్ సరుకు ధర 106 అనుకుందాం. థాయ్‌లాండ్‌తో మనకు ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి) ఒప్పందం ఉంది, తైవాన్‌తో లేదు.

ఒప్పందం రాకముందు తైవాన్‌ది 111 పడుతుంది, థాయ్‌ది 117.66. బాలానగర్‌లో కొనేవాడు తైవాన్‌దే కొంటాడు, ఖజానాకు 11 చేరుతుంది.

థాయ్ సరుకుకు సుంకం సున్నా అయ్యాక తైవాన్‌ది అదే 111, థాయ్‌ది 106. కొనేవాడు థాయ్‌వైపు తిరుగుతాడు. అతనికి 5 మిగిలింది. ఖజానాకు 11 పోయింది. దేశం మొత్తానికి 6 నష్టం. ఈ 6 ఎక్కడికి పోయింది? 100కు దొరికే వస్తువుకు 106 చెల్లిస్తున్నాం, ఆ తేడాయే అది. తైవాన్ మీద మనం ఏమీ పెంచలేదు. అయినా దాని ఆర్డరు పోయింది. వైనర్ చెప్పిన మళ్లింపు ఇదే.

ఇప్పుడు ఇదే వస్తువును బాలానగర్‌లోనే ఒకరు 110కి తయారు చేస్తున్నారనుకోండి. ఒప్పందానికి ముందు తైవాన్ 111 గనుక దిగుమతే లేదు. ఒప్పందం తర్వాత థాయ్‌ది 106కి వచ్చేసింది. ఇది వాణిజ్య సృష్టి. ఇందులో తైవాన్‌కు పోయిందేమీ లేదు, అది అంతకుముందు అమ్మనే లేదు కాబట్టి. అందుకే బయటి దేశం నష్టం లెక్క కట్టేటప్పుడు మొదట చూడాల్సింది ఒప్పందానికి ముందు ఆ మార్కెట్లో దాని వాటా ఎంత అన్నది.

మామూలు సుంకం 10 కాకుండా 5 అయితే? సర్‌చార్జితో కలిపి 5.5. తైవాన్‌ది 105.50, థాయ్‌ది 106. ఆర్డరు తైవాన్ దగ్గరే ఉండిపోతుంది. మళ్లింపును నడిపించేది ఒప్పందం ఒక్కటే కాదు, బయటివాళ్ల మీద అలాగే ఉంచిన ఎత్తు సుంకం. ఒప్పందాలు చేసుకుంటూ ఎంఎఫ్‌ఎన్ రేట్లు కూడా దించుకుంటూ వచ్చిన దేశాల్లో మళ్లింపు తక్కువగా ఉండేది ఇందుకే. నా దృష్టిలో పరీక్ష జవాబులో రాయాల్సిన మొదటి వాక్యం ఇది.

సనత్‌నగర్ డిపో · ఉదయం 10:10

పై లెక్కలో థాయ్ సరుకు సున్నా సుంకానికి దానంతట అదే వచ్చినట్టుంది. కస్టమ్స్ దగ్గర అలా జరగదు, అక్కడే సగం మళ్లింపు ఆగిపోతుంది.

ఆసియాన్ రేటు కావాలంటే బిల్ ఆఫ్ ఎంట్రీలో (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం) నోటిఫికేషన్ 46/2011-కస్టమ్స్, అందులోని సీరియల్ నంబరు, సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ నంబరు, తేదీ, ఏ ప్రమాణం కింద అర్హత వచ్చింది, మూడో దేశం ఇన్‌వాయిస్ ఉందా, సరుకు నేరుగా వచ్చిందా, ఇవన్నీ నింపాలి. 2020 సెప్టెంబర్ 21 నుంచి సరుకు మూలాన్ని రుజువు చేసుకునే కారోటార్ నియమాలు వచ్చాయి. కస్టమ్స్ చట్టంలో 28డీఏ సెక్షన్ దానికి ఆధారం. సర్టిఫికెట్ చేతిలో ఉంటే చాలు అనే రోజులు పోయాయి. వస్తువు ఆ దేశంలో ఎలా తయారైంది, బయటి ముడిసరుకు విలువ ఎంత అన్న వివరాలు ఫారం-1 పద్ధతిలో దిగుమతిదారు దగ్గరే ఉండాలి. అధికారి అడిగితే 10 పనిదినాల్లో ఇవ్వాలి. కాగితాలు 5 ఏళ్లు భద్రపరచాలి.

తప్పులు ఎక్కువగా జరిగేవి మూడు చోట్ల. ఒకటి, సర్టిఫికెట్ మీద ఆరు అంకెల హెచ్‌ఎస్ కోడ్ (సరుకు వర్గీకరణ సంఖ్య) ఒకటి, బిల్ ఆఫ్ ఎంట్రీలో మరొకటి. రెండు, కంటైనర్ దారిలో మరో రేవులో మారితే త్రూ బిల్ ఆఫ్ లేడింగ్ (దారి మొత్తానికీ ఒకే రవాణా పత్రం) లేకపోవడం. నేరుగా వచ్చిందని చూపించలేకపోతే రాయితీ నిలవదు. మూడు, సర్టిఫికెట్ ఆలస్యంగా తీసుకుని, ‘వెనుక తేదీకి జారీ’ అనే గడిలో గుర్తు పెట్టించకపోవడం. ఓడ బయలుదేరిన 3 పనిదినాల లోపు తీసుకోకపోతే ఆ గుర్తు తప్పనిసరి, అది కూడా 12 నెలల లోపే.

ఇంత పని 1 లేదా 2 శాతం సుంకం తేడా కోసం చేయాలంటే చాలామంది చేయరు. మామూలు సుంకం కట్టి సరుకు విడిపించుకుంటారు. అంటే తేడా చిన్నదైతే బయటి దేశానికి ఆచరణలో పెద్ద నష్టం లేదు. తేడా 7, 8 శాతం దాటితే ఏ కొనుగోలుదారుడైనా కాగితాలు సిద్ధం చేసుకుంటాడు.

ఎగుమతి వైపు కూడా చెబుతాను. ఆసియాన్ నియమం ప్రకారం ఎఫ్‌ఓబీ (ఓడకెక్కించేటప్పటి) విలువలో కూటమి వాటా కనీసం 35 శాతం ఉండాలి, అంటే బయటి సామగ్రి 65 శాతం దాటకూడదు. దానితోపాటు ఆరు అంకెల స్థాయిలో హెచ్‌ఎస్ కోడ్ మారాలి. పటాన్‌చెరులో తయారైన యంత్రం వియత్నాంకు 1,000 డాలర్ల ఎఫ్‌ఓబీకి పోతోంది, అందులో చైనా భాగాలు 620 డాలర్లవి అనుకోండి. 62 శాతం, నియమానికి లోపలే ఉంది. ఆ భాగాల ధర 8 శాతం పెరిగితే 669.60 అవుతుంది. అమ్మకం ధర పెంచలేకపోతే దాదాపు 67 శాతం, అర్హత పోయింది. యంత్రం అదే, పనివాళ్లు అవే చేతులు. అందుకే ఈ లెక్క ఏడాదికోసారి కాకుండా ప్రతి పెద్ద ఆర్డరుకూ చేయాలి. సర్టిఫికెట్ పొరపాటున తీసుకుంటే ఏడాది తర్వాత అక్కడి కస్టమ్స్ పరిశీలన అడిగినప్పుడు మొత్తం సుంకం కొనుగోలుదారు మీద పడుతుంది, ఆ ఖాతా మళ్లీ రాదు.

దారం–మగ్గం · ఉదయం 11:02

డిపో అన్న చెప్పింది మంచిగుంది. బట్టల దగ్గరికొస్తే అసలు కొట్టేది గీ రూల్ ఆఫ్ ఆరిజినే. సుంకం కంటే ఎక్కువ కొడ్తది.

వియత్నాం–ఈయూ ఒప్పందం 2020 ఆగస్టు 1 సంది నడుస్తున్నది. ఈయూల రెడీమేడ్ బట్టల మీద మామూలు సుంకం చాన వాటికి 12 శాతం. వియత్నాంకు అది విడతలవారీగ, కొన్ని రకాలకు ఏడేండ్ల దాక తీసుకుని, సున్నాకొస్తది. షరతు ఏందంటే బట్ట నేసుడు నుంచి కుట్టుడు దాక వియత్నాంల గానీ ఈయూల గానీ కావాలె. ఒక్క మినహాయింపు ఉన్నది. దక్షిణ కొరియా బట్ట వాడినా లెక్కలకొస్తది, ఎందుకంటే కొరియాకు ఈయూతోని ఒప్పందం ఉన్నది. మన బట్ట వాడితే రాదు.

దీని లెక్క చూడున్రి. మన బట్ట మీటరు 2 డాలర్లు, కొరియాది 2.60 అనుకుందాం. ఒక జాకెట్టుకు మీటరున్నర. మన బట్టతోని 3 డాలర్లు, కొరియా బట్టతోని 3.90. తేడా 90 సెంట్లు. గా జాకెట్టు ఈయూకు 8 డాలర్లకు పోతే 12 శాతం సుంకం 96 సెంట్లు. మీటరుకు 60 సెంట్లు ఎక్కువ పెట్టి కొరియాది కొన్నా, హోచిమిన్‌ల కుట్టేటాయనకు ఇంక 6 సెంట్లు మిగుల్తయి. వియత్నాం మన బట్ట మీద సుంకం పెంచలే. ఈయూ పెంచలే. మన మీటరు ధర దాదాపు 23 శాతం చవక. అయినా ఆర్డరు పోయింది.

నూలు సంగతి వేరే. గీ ఒప్పందంల షరతు నేత నుంచే మొదలైతది గనుక మన నూలు వియత్నాంల వాడొచ్చు. కానీ పసిఫిక్ చుట్టూత దేశాల సీపీటీపీపీ ఒప్పందంల షరతు నూలు వడుకుడు నుంచే మొదలైతది. గండ్ల మన నూలుకు కూడ జాగ లేదు. మెక్సికో, కెనడా, అమెరికా ఒప్పందంల కూడ అంతే. ఒకే నూలు, ఒకే మిల్లు, ఏ కూటమికి పోతదన్న దాన్నిబట్టి పనికొస్తదా లేదా తేలుతది.

బంగ్లాదేశ్ దిక్కు చూస్తే మనకు లాభం. వెనుకబడిన దేశాలకు ఈయూ ఇచ్చే రాయితీల 2011 సంది ఒక్క దశ చాలు, కుట్టుడు అక్కడ అయితే సరిపోతది. గందుకే మన నూలు, మన బట్ట రెండూ అక్కడికి పోతున్నయి. ఐక్యరాజ్యసమితి తీర్మానం ప్రకారం బంగ్లాదేశ్ ఆ జాబితాల నుంచి బయటికొచ్చే తేదీ 2026 నవంబర్ 24. ఈయూ రాయితీ ఇంక మూడేండ్లు ఉంటది. ఆ తర్వాత రెండు దశల నియమం (నేసుడు, కుట్టుడు రెండూ అక్కడే కావాలె) వస్తే నూలుకు ఢోకా లేదు, బట్టకు కష్టం. సిరిసిల్ల, వరంగల్ దిక్కు మగ్గాల మీద పెట్టుబడి పెట్టేటోళ్లు గీ తేడా ఇప్పుడే చూసుకోవాలె.

జీడిమెట్ల రియాక్టర్ · మధ్యాహ్నం 12:15

మందుల విషయంలో లెక్క పూర్తిగా తిరగబడుతుంది. ఈయూలో మందులు, బల్క్ డ్రగ్స్‌లో (మందుల్లో వాడే అసలు రసాయనాలు) అత్యధికం మీద మామూలు సుంకమే సున్నా. 1994లో కొన్ని దేశాలు కలిసి చేసుకున్న ఫార్మా ఏర్పాటు వల్ల అది అన్ని దేశాలకూ వర్తిస్తుంది. కాబట్టి సుంకం మళ్లింపు అన్న మాటే లేదు. బయటివాడు, లోపలివాడు అన్న తేడా కనిపించేది నాణ్యత పరీక్షల దగ్గర.

ఈయూలోకి వెళ్లే ప్రతి బల్క్ డ్రగ్ సరుకుతో పాటు 2013 జూలై 2 నుంచి లిఖితపూర్వక నిర్ధారణ ఉండాలి. ఫలానా ప్లాంటు జీఎంపీ (మంచి తయారీ విధానం) పద్ధతి ఈయూ స్థాయికి సమానం అని ఎగుమతి దేశపు నియంత్రణ సంస్థ సంతకం చేయాలి. మన దగ్గర కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ ఇస్తుంది. స్విట్జర్లాండ్, జపాన్, అమెరికా లాంటి దేశాల వ్యవస్థను ఈయూ సమానంగా గుర్తించింది కాబట్టి వాళ్లకు ఆ కాగితం అక్కర్లేదు. నిర్ధారణలో పదార్థం పేరు, ప్లాంటు చిరునామా, బ్లాక్ వివరాలు సరుకు కాగితాలతో అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. బ్లాక్ మార్చి తయారు చేసి పాత నిర్ధారణతో పంపితే డ్రమ్ములు రేవులోనే ఆగుతాయి.

తయారైన మాత్రలకు ఇంకో మెట్టు ఉంది. బయటి దేశం నుంచి వచ్చే ప్రతి బ్యాచ్‌నూ ఈయూ లోపలి ల్యాబులో మళ్లీ పూర్తిగా పరీక్షించాలి, క్వాలిఫైడ్ పర్సన్ అనే బాధ్యుడు సంతకం చేయాలి. పరస్పర గుర్తింపు ఒప్పందం ఉన్న దేశాలకు ఈ మలి పరీక్ష మినహాయింపు. మనకు ఆ ఒప్పందం లేదు. ఇది సుంకం పట్టికలో కనపడని ఖర్చు.

ఇదే విషయంలో కూటమి మనకు చేసే మేలూ ఉంది. ఆ పరీక్ష ఒక సభ్య దేశంలో అయిపోతే మిగతా 26 దేశాల్లో మళ్లీ అక్కర్లేదు. ఒక సభ్య దేశం తనిఖీ చేసి జీఎంపీ సర్టిఫికెట్ ఇస్తే 27 దేశాలూ ఒప్పుకుంటాయి. ఏకీకృత మార్కెట్ లేకపోతే బొల్లారంలో ఉన్న ఒక ప్లాంటు ఒక్కో దేశపు తనిఖీకి విడిగా సిద్ధపడాలి. దీనికి రెండో వైపు కూడా రాసుకోండి. ఒక దేశపు ఇన్‌స్పెక్టర్ ‘నిబంధనలకు అనుగుణంగా లేదు’ అని రాస్తే అది ఉమ్మడి డేటాబేస్‌లోకి ఎక్కుతుంది, తలుపు 27 చోట్లా ఒకేసారి మూతపడుతుంది.

అమీర్‌పేట అభ్యర్థి · మధ్యాహ్నం 12:50

> తలుపు 27 చోట్లా ఒకేసారి మూతపడుతుంది

ఇది ఏ గైడులోనూ చూడలేదు. అంటే కూటమి బయటివాడికి మేలు, కీడు రెండూ చేయగలదు. అలాగైతే చట్టం ఏం చెబుతోంది? గాట్ 24వ అధికరణం ‘బయటివాళ్ల మీద అడ్డంకులు పెంచకూడదు’ అంటుందని మాత్రమే తెలుసు.

నిబంధనావళి · మధ్యాహ్నం 2:05

24వ అధికరణంలో బయటి దేశానికి పనికొచ్చేవి మూడు పేరాలు. 5వ పేరా: స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతమైతే ఏ సభ్యుడూ బయటివాళ్ల మీద సుంకం పెంచకూడదు, కస్టమ్స్ యూనియన్ అయితే మొత్తం మీద మునుపటి భారం కంటే ఎక్కువ కాకూడదు. 6వ పేరా: యూనియన్‌లో చేరడం వల్ల ఒక దేశం మునుపు ఇచ్చిన హామీ రేటు దాటాల్సి వస్తే, నష్టపోయే బయటి దేశంతో మాట్లాడి పరిహారం ఇవ్వాలి. 8వ పేరా: కూటమి లోపల దాదాపు మొత్తం వ్యాపారం మీద అడ్డంకులు తీసేయాలి. ఇష్టమున్న నాలుగు వస్తువులకు రాయితీలు ఇచ్చుకుని కూటమి అనడానికి లేదు.

‘మొత్తం మీద’ అన్న మాట దగ్గర ఆగండి. కస్టమ్స్ యూనియన్‌లో అందరికీ ఒకే బయటి సుంకం ఉంటుంది కాబట్టి కొందరిది పెరుగుతుంది, కొందరిది తగ్గుతుంది. గల్ఫ్ దేశాలు 2003 జనవరి 1న 5 శాతం ఉమ్మడి సుంకానికి వచ్చినప్పుడు యూఏఈ 4 నుంచి 5కు పెంచింది. సౌదీ అంతకుముందే 12 నుంచి 5కు దించింది. మన సరుకు దుబాయిలో కొంచెం ప్రియమైంది, సౌదీ మార్కెట్లో బాగా చవకైంది. 2010లో రష్యా, బెలారస్‌లతో కస్టమ్స్ యూనియన్‌లో చేరిన కజకిస్తాన్‌లో దీనికి వ్యతిరేకం జరిగింది. తన తక్కువ సుంకాలను రష్యా స్థాయికి పెంచుకోవాల్సి వచ్చింది, చైనా లాంటి బయటి అమ్మకందార్లకు అక్కడ నేరుగానే దెబ్బ. కూటమి ఎవరి రేటు చుట్టూ కట్టారన్నదే ఫలితాన్ని తేల్చింది.

పరిహారం ఉదాహరణ స్పెయిన్. 1986లో అది యూరోపియన్ సమాజంలో చేరగానే మొక్కజొన్న మీద స్థిర సుంకం పోయి, యూరప్ మారే లెవీ వచ్చింది. అమెరికా మొక్కజొన్నకు పెద్ద దెబ్బ. ఎదురు సుంకాలు వేస్తామని అమెరికా హెచ్చరించింది. 1987 జనవరిలో ఒప్పందం కుదిరింది. స్పెయిన్ ఏటా 20 లక్షల టన్నుల మొక్కజొన్న, 3 లక్షల టన్నుల జొన్న కూటమి బయట నుంచి కొనాలి. 6వ పేరా పరిహారం ఎంత గట్టిగా పని చేయగలదో ఇందులో కనిపిస్తుంది. అయితే అడిగింది అమెరికా అన్న సంగతీ మరిచిపోకూడదు.

మన దేశం గెలిచిన కేసు ఒకటుంది, జవాబులో తప్పక రాయండి. టర్కీ 1996 జనవరి 1 నుంచి ఈయూతో కస్టమ్స్ యూనియన్ పేరుతో మన జౌళి, దుస్తుల్లో 19 రకాల మీద పరిమాణ పరిమితులు పెట్టింది. యూనియన్‌కు అవి అవసరమని వాదించింది. భారత్ డబ్ల్యూటీఓకు వెళ్లింది. 1999 అక్టోబర్‌లో అప్పీలేట్ బాడీ భారత్ పక్షాన తీర్పిచ్చింది. ఆ పరిమితి లేకపోతే యూనియన్ ఏర్పడటమే సాధ్యం కాదని టర్కీ రుజువు చేయాలి, చేయలేకపోయింది. టర్కీ నుంచి ఈయూకు వెళ్లే బట్ట టర్కీదో బయటిదో సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్‌తో వేరు చేయొచ్చు కదా అన్నది కీలకమైన తర్కం. బయట మిగిలిన దేశానికి ఇప్పటికీ ఇదే అతి గట్టి ఆధారం.

ఆసియాన్, సాఫ్టా (దక్షిణాసియా), మెర్కోసూర్ (దక్షిణ అమెరికా) లాంటివి 24 కింద కాక, వర్ధమాన దేశాల కోసం 1979లో చేసిన ఎనేబ్లింగ్ క్లాజ్ కింద నమోదయ్యాయి. అక్కడ షరతులు సడలింపుగా ఉంటాయి.

తీరం · మధ్యాహ్నం 3:20

రొయ్యల ఉదాహరణ చేర్చుకోండి. ఈయూలో గడ్డకట్టించిన రొయ్య మీద మామూలు సుంకం 12 శాతం, వర్ధమాన దేశాలకిచ్చే జీఎస్‌పీ రాయితీ కింద మనకు 4.2. ఈక్వడార్‌కు 2017 నుంచి ఒప్పందం కింద రాయితీ, వియత్నాంకు 2020 నుంచి. 4.2 శాతం పెద్దదేం కాదు, భీమవరం రొయ్య ధరలో సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది తనిఖీ. యాంటీబయాటిక్ అవశేషాల కోసం మన చెరువు రొయ్యల సరుకులో 50 శాతాన్ని ఈయూ సరిహద్దులో పరీక్షించాలని 2016లో నిబంధన పెట్టారు. కంటైనర్ అక్కడ ఆగిన ప్రతి రోజూ కోల్డ్ స్టోరేజీ అద్దె, డెమరేజీ. దాన్ని తప్పించేది చెరువు గట్టు మీద మందుల రిజిస్టరు, పట్టుబడికి ముందు ల్యాబు పరీక్ష. సుంకం చర్చల్లో తగ్గేది కాదు.

సనత్‌నగర్ డిపో · సాయంత్రం 4:00

కస్టమ్స్ యూనియన్‌కూ ఎఫ్‌టీఏకూ (స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం) ఆచరణలో ఉన్న తేడా ఒకటి మిగిలిపోయింది. ఎఫ్‌టీఏలో ప్రతి సభ్యుడికీ తన సొంత బయటి సుంకం ఉంటుంది కనుక తక్కువ సుంకం ఉన్న సభ్యుడి గుమ్మంలోంచి బయటి సరుకు దొడ్డిదారిన వస్తుంది. రూల్స్ ఆఫ్ ఆరిజిన్ పుట్టిందే దీన్ని ఆపడానికి.

భారత్–శ్రీలంక ఒప్పందం 2000 మార్చి 1న మొదలైంది. కొన్నేళ్లలోనే అక్కడి నుంచి వనస్పతి, రాగి వెల్లువలా వచ్చాయి. శ్రీలంక తక్కువ సుంకంతో పామాయిల్, రాగి తుక్కు తెప్పించుకుని, ప్రాసెస్ చేసి, మనకు సుంకం లేకుండా పంపింది. చివరికి వనస్పతికి పరిమాణ కోటా పెట్టాల్సి వచ్చింది.

నేపాల్ వంటనూనె ఇంకా తాజా ఉదాహరణ. 2024 సెప్టెంబర్ 14న మనం ముడి నూనెల మీద ప్రాథమిక సుంకం సున్నా నుంచి 20కి, రిఫైన్డ్ నూనెల మీద 12.5 నుంచి 32.5కి పెంచాం. సెస్సులన్నీ కలిపితే రిఫైన్డ్ మీద 35.75 శాతం. నేపాల్ నుంచి వచ్చే రిఫైన్డ్ నూనెకు సున్నా. నేపాల్ పామాయిల్ పండించదు. ముడి నూనె దిగుమతి చేసుకుని శుద్ధి చేసి పంపుతుంది. 35 శాతం తేడా ఉన్నప్పుడు లారీలు సరిహద్దు దాటకుండా ఎలా ఉంటాయి? 2025 మే చివర ముడి నూనె సుంకం 10కి దించారు. ఇందులో నష్టం కాకినాడ రిఫైనరీలకు మాత్రమే కాదు. అశ్వారావుపేటలో గెలల ధర ముడి పామాయిల్ ధరతో ముడిపడి ఉంటుంది, ఆయిల్ పామ్ రైతుకు సుంకం పెంచి ఇస్తామన్న రక్షణ ఈ దారిలోంచి కారిపోతుంది.

కోఠి వర్తకం · సాయంత్రం 5:15

అందరూ బయట ఉండటం వల్ల నష్టమే చెబుతున్నారు. అలాంటప్పుడు 2019 నవంబర్ 4న బ్యాంకాక్‌లో ఆర్‌సెప్ (ఆసియాన్, చైనా, జపాన్ తదితరుల వాణిజ్య కూటమి) నుంచి తప్పుకోవడం తప్పేనా? 15 దేశాలు 2020 నవంబర్ 15న సంతకం చేసి 2022 జనవరి 1 నుంచి నడుపుకుంటున్నాయి. మనం బయట.

లెక్కలపద్దు · సాయంత్రం 6:30

కోఠి వర్తకం గారూ, సుంకం వరకు చూస్తే ఆర్‌సెప్ బయట ఉన్న నష్టం అనుకున్నంత లేదు. 2019 నాటికే ఆసియాన్, జపాన్, కొరియాలతో మనకు ఒప్పందాలున్నాయి. చైనాతో ఆసియా–పసిఫిక్ ఒప్పందం కింద కొద్ది రాయితీలే. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లతో అప్పటికి ఏమీ లేదు. ఆస్ట్రేలియాతో 2022 డిసెంబర్ 29 నుంచి ఒప్పందం అమల్లోకి వచ్చింది. అంటే కొత్త మార్కెట్‌గా మిగిలింది ప్రధానంగా చైనా. అక్కడి నుంచి దిగుమతుల భయమే మనవాళ్లను ఆపింది.

అసలు నష్టం క్యుములేషన్‌లో (సభ్య దేశాల సామగ్రిని కలిపి లెక్కించడం) ఉంది. ఆర్‌సెప్‌లో ఎక్కువ వస్తువులకు 40 శాతం ప్రాంతీయ విలువ గానీ నాలుగు అంకెల హెచ్‌ఎస్ మార్పు గానీ చాలు, పైగా 15 దేశాల్లో ఎక్కడి సామగ్రి అయినా ‘లోపలిది’గా కలుస్తుంది. మలేసియాలో యంత్రం చేసి జపాన్‌కు పంపేవాడికి చైనా మోటారు, కొరియా బేరింగు రెండూ లెక్కలోకి వస్తాయి. మన భాగం రాదు. మనకు మలేసియాతో ఒప్పందం ఉంది, జపాన్‌తో విడిగా ఉంది. కానీ రెండు విడి ఒప్పందాలు కలిపి ఒక గొలుసు అవ్వవు. దారం–మగ్గం గారు చెప్పిన కొరియా బట్ట కథే ఇది, యంత్రాల్లో.

అయినా చేరి ఉండాల్సింది అని నేననను. చైనా భాగాలకు సున్నా సుంకం ఇచ్చి, మన విడిభాగాల పరిశ్రమ నిలబడేదా అన్నది వేరే బరువైన ప్రశ్న. నేననేది ఒకటే. బయట ఉండాలని తీర్మానించుకున్న దేశం తన ఎంఎఫ్‌ఎన్ సుంకాలను, ముఖ్యంగా ముడిసరుకు, విడిభాగాల మీద ఉన్నవి, తగ్గించుకోకపోతే నష్టం రెండింతలు అవుతుంది. మన తయారీదారు ఖరీదైన భాగాలు కొని, రాయితీ లేని మార్కెట్‌కు అమ్మాలి.

జీడిమెట్ల రియాక్టర్ · రాత్రి 7:10

ఒక్క మాట చేరుస్తాను. ఈయూ కార్బన్ పన్ను సీబ్యామ్ కూడా ఈ కోవలోదే. 2023 అక్టోబర్ 1 నుంచి నివేదికలు, 2026 జనవరి 1 నుంచి అసలు దశ. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్తు దీని కిందికి వస్తాయి. ఈయూ ఉద్గారాల మార్కెట్‌లో చేరిన నార్వే, ఐస్‌లాండ్, లీచెన్‌స్టైన్‌లకు, దానితో ముడిపెట్టుకున్న స్విట్జర్లాండ్‌కు మినహాయింపు. కూటమికి ‘దగ్గర’ ఉండటం అన్నది ఇక సుంకాలతో పాటు కర్బన లెక్కలతోనూ కొలుస్తారు.

అమీర్‌పేట అభ్యర్థి · రాత్రి 8:00

అందరికీ ధన్యవాదాలు. చివరిగా ఒక ప్రాక్టికల్ ప్రశ్న. ఫలానా వస్తువు మీద ఫలానా కూటమి ప్రభావం ఎంత అని ఎవరైనా అడిగితే ఎక్కడ మొదలుపెట్టి చూడాలి? మిర్చి అయితే ఇంకా బాగుంటుంది, అందరికీ తెలిసిన సరుకు.

సనత్‌నగర్ డిపో · రాత్రి 9:05

మొదట ఆరు అంకెల హెచ్‌ఎస్ కోడ్ ఖాయం చేసుకోండి. ఎండుమిర్చి కాయ అయితే 0904 21, పొడి కొట్టినా దంచినా 0904 22. ఒక్క అంకె మారితే సుంకం, నియమం రెండూ మారొచ్చు. తర్వాత ఆ మార్కెట్లో మామూలు రేటు, మనకు వర్తించే రేటు, పోటీ దేశానికి వర్తించే రేటు పక్కపక్కన రాయండి. పోటీ దేశానికి ఈ ఏటి రేటుతో పాటు దశలవారీ షెడ్యూల్‌లో చివరి ఏటి రేటు కూడా రాయాలి. ఆ తేడాను మన ధర తేడాతో పోల్చండి. తర్వాత ఆ వస్తువు ముడిసరుకుగా మరో దేశంలోకి వెళ్తుంటే అక్కడి రూల్ ఆఫ్ ఆరిజిన్‌లో అది ‘బయటిది’ అవుతుందా చూడండి.

మిర్చికి ఇవన్నీ దాటాక ప్రమాణాలు వస్తాయి, అసలు పరీక్ష అక్కడే. ఈయూలో బూజు వల్ల పుట్టే విషం అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మించకూడదు. సభ్య దేశాలన్నిటికీ అదే పరిమితి. ఒక రేవులో తిరస్కరిస్తే అది ఉమ్మడి హెచ్చరిక వ్యవస్థలోకి ఎక్కుతుంది గనుక సరుకు ఇంకో రేవుకు మళ్లించి గట్టెక్కడం కుదరదు.

నమూనా తీసే తీరు చూస్తే అర్థమవుతుంది ఎందుకు కష్టమో. పెద్ద లాట్‌ను 25 టన్నుల భాగాలుగా విడదీసి, ఒక్కో భాగంలో 100 చోట్ల నుంచి కొంచెం కొంచెం తీసి 20 కిలోల నమూనా కలుపుతారు. బూజు లాట్ అంతా సమానంగా ఉండదు. కల్లంలో మంచు పడ్డ రాత్రి పట్టా కప్పని ఒక మూల కాయల్లో తేమ నిలిచి, అక్కడే పుడుతుంది. అవి రెండు మూడు బస్తాల్లోకి చేరితే, 100 చోట్లలో ఒకటి రెండు ఆ బస్తాల్లో పడినా సగటు 10 దాటిపోగలదు. మన ల్యాబులో రెండు బస్తాల నుంచి అరకిలో తీసుకెళ్లి చేయించిన పరీక్ష ‘పాస్’ అని వస్తుంది, అక్కడ ఫెయిలవుతుంది. ల్యాబు తప్పు కాదు, నమూనా తప్పు. కంటైనర్ నింపే ముందు వాళ్ల పద్ధతిలోనే 100 చోట్ల నుంచి తీయించండి. కాయలో తేమ 10, 11 శాతం దగ్గర ఉన్నప్పుడే బస్తాకెత్తమని మార్కెట్ యార్డుకు తెచ్చే రైతుకు ముందే చెప్పండి. క్రిములు చంపడానికి ఎథిలీన్ ఆక్సైడ్ వాడొద్దు, ఆవిరి పద్ధతే వాడండి. 2020లో ఆ అవశేషం నువ్వుల్లో బయటపడ్డాక ఈయూ మన నువ్వుల సరుకులో సగానికి సరిహద్దు పరీక్ష పెట్టింది.

దారం–మగ్గం · రాత్రి 9:40

తేమ మీటరు సూది కాయ తొడిమె దగ్గర కూడ గుచ్చి చూడమని చెప్పున్రి డిపో అన్నా. కాయ కొస ఎండినట్టు గలగలమంటది, తొడిమె దగ్గర మెత్తగనే ఉంటది.